ఉప్పులోని సూక్ష్మ ఖనిజములు – మన ఆరోగ్యము

కడప జిల్లాలో జమ్మలమడుగునకు పడమటి దిక్కున గండికోట కలదు. అక్కడ పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారును. ఆ లోయకు ఇరువైపుల నిలిచిన రాతిగోడలు ఎర్రనివి. రాతిలోని ఇనుము గాలికి, నీటికి తుప్పుపట్టి ఆ రంగు నిచ్చినది. ఇంత ఇనుము మన కన్నుల యెదుట ఉన్నది. అయినను 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమునందు 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అయిదేండ్లలోపు పిల్లలలో అంతకంటె ఎక్కువ మందికి ఉన్నది. రక్తహీనతకు పెద్ద కారణము ఇనుము చాలకపోవుట. రాతికి రంగునిచ్చు ఇనుము వేరు, మనిషి రక్తములో చేరు ఇనుము వేరు అని దీనివలన తెలియుచున్నది.

ఈ భేదమును ఇప్పుడు చెప్పవలసిన పని యేమనగా, గులాబిరంగు ఉప్పు ఒకటి పట్టణపు అంగళ్లనుండి పల్లెలకు కూడ వచ్చుచున్నది. హిమాలయపు ఉప్పు అని దానిని అమ్ముచున్నారు. అందు 84 ఖనిజములు కలవనియు, తెల్ల ఉప్పు విషమువంటిదనియు ప్రచారము చేయుచున్నారు. ఈ ఉప్పులో చాలభాగము పాకిస్తానులోని పంజాబునందలి ఖేవ్రా గనులలో త్రవ్వినది. మన వైద్యులు తరతరములుగా సైంధవలవణమని మందులలో వాడినది ఈ జాతి రాతి ఉప్పే. దాని గులాబిరంగునకును గండికోట రాతి ఎరుపునకును మూలమొకటే: తుప్పుపట్టిన ఇనుము.

ఆ ఇనుమెంతయో లెక్క చూతము. కిలో గులాబి ఉప్పులో 50 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నదనుకొందము. మనిషి దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ 5 గ్రాములలో లభించు ఇనుము పావు మిల్లీగ్రాము. వయసువచ్చిన స్త్రీకి దినమునకు కావలసినది 29 మిల్లీగ్రాములని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. ఈ ఉప్పుతోనే ఆ లోటు తీర్చుకొనదలచినచో దినమునకు అరకిలోకు పైగా ఉప్పు తినవలసి వచ్చును! అంత తిన్నవాడు బ్రతుకడు. తక్కిన 83 ఖనిజముల సంగతియు ఇంతే. పేరు చెప్పుకొనుటకు ఉన్నవి కాని, ఒంటికి పట్టునంత లేవు. రక్తపుపోటు పెంచుటలో మాత్రము గులాబి ఉప్పు తెల్ల ఉప్పునకు ఏ మాత్రము తీసిపోదు.

పూర్వకాలపు ఉప్పే మేలని చెప్పువారు మన సీమలోను కలరు. నాడు దత్తమండలములనబడిన ఈ జిల్లాలలో చౌటినేలల మట్టినుండి ఉప్పు తీసెడివారు. చౌటిమట్టిని ప్రోగుచేసి, దానిపై నీరు పోసి, ఊరిన ఉప్పునీటిని గచ్చునేలపై ఎండబెట్టెడివారు. ఉప్పరులకు ఆ పేరు ఈ వృత్తివలననే వచ్చినదందురు. 1805లో మద్రాసు ప్రభుత్వము ఉప్పును తన గుత్తగా చేసికొనెను. పిమ్మట ఆ శతాబ్దములోనే మట్టి ఉప్పు తయారీ అణచివేయబడినది. ఉప్పరులు చెరువుపనులకు, మట్టిపనులకు మరలిరి. అది ప్రజల జీవనాధారమును తీసివేసిన అన్యాయమే. అయినను ఆ ఉప్పు ఆరోగ్యమునకు ప్రత్యేకముగా మంచిదని చెప్పుటకు ఆధారము లేదు. చౌటిమట్టిలోని సురేకారము, చేదు లవణములు అందు కలిసి వచ్చెడివి. పన్నుపై కోపము న్యాయమైనదే కాని, దానిని బట్టి ఉప్పునకు గుణములు అంటగట్టరాదు.

ఇక ఉప్పుతో మనకు నిజముగా అందవలసిన సూక్ష్మ ఖనిజము ఒక్కటే, అది అయోడిను. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. అరువదియేండ్ల జీవితమునకు కావలసిన అయోడినంతయు కలిపినను మూడు గ్రాముల పైచిలుకే, ఒక చిన్న చెంచాడు కూడ కాదు. కాని ఆ కాసింత ప్రతిదినము అందవలెను. ఒక్కసారి మ్రింగి దాచుకొనుటకు వీలులేదు. గొంతు దిగువనున్న థైరాయిడు గ్రంథి ఈ అయోడినుతోనే తన రసమును తయారుచేయును. అది అందనిచో గ్రంథి ఉబ్బి గళగండము ఏర్పడును. గళగండము కంటికి కనిపించు కీడు మాత్రమే. గర్భిణికి అయోడిను మిక్కిలి తక్కువైనచో కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదుగదు. మూగతనము, చెవుడు, బుద్ధిమాంద్యము కలుగవచ్చును. పుట్టిన పిమ్మట ఏ మందునకును అది లొంగదు. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము ప్రేరేపించినది ముఖ్యముగా ఈ విషయమే.

గళగండమునకు కారణమేమని వైద్యులు చాలకాలము తర్కించిరి. రాబర్టు మెకారిసను అను సైనికవైద్యుడు ఉత్తరమున గిల్గిటు లోయలో పనిచేయుచు, అక్కడి కాలువనీటి మడ్డిని తానే త్రాగి తన గొంతు వాచునా అని పరీక్షించి చూచెను. ఆయనయే 1918లో కూనూరులో చిన్న పరిశోధనాలయమును ఆరంభించెను. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. మన దేశములో ఈ ప్రశ్నకు తిరుగులేని సమాధానమిచ్చిన వారిలో ముఖ్యుడు తెలుగువాడు, 1921లో శ్రీకాకుళములో జన్మించి విశాఖపట్టణమున వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామిగారు. 1956లో హిమాలయ పాదముననున్న కాంగ్రా లోయను మూడు భాగములుగా చేసి, రెండింటికి అయోడిను కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును సరఫరా చేయించిరి. కొన్నియేండ్లకు మొదటి రెండు భాగములలో గళగండము ఇంచుమించు సగమునకు తగ్గినది. మూడవ భాగములో తగ్గలేదు. పిదప అక్కడకును అయోడిను ఉప్పును పంపిరి.

ఆ ఫలితముల వెలుగులోనే 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము ఆరంభమైనది. ఈ జబ్బు కొండలవారిదే కాని మనది కాదని తొలుత అనుకొనిరి. సర్వేలు జరిగినకొలది ఏ రాష్ట్రమును దీనికి పూర్తిగా బయట లేదని తేలినది. వానలు, వరదలు నేలపొరలోని అయోడినును కడిగివేయును. అట్టి నేలలో పండిన గింజలోను, అక్కడి నీటిలోను అది తక్కువగానే ఉండును. సముద్రపు ఉప్పులో అయోడిను తప్పక ఉండునని కొందరి నమ్మకము. సముద్రమునందు కలదు నిజమే. మడులలో ఎండి గడ్డకట్టిన ఉప్పులో మిగులునది లెక్కకు రానంత. కనుక ప్రత్యేకముగా కలుపవలసినదే. 2006 మే 17 నుండి అయోడిను కలుపని ఉప్పును మనుష్యుల ఆహారమునకై అమ్ముట దేశమంతట నిషేధింపబడినది. అంగడిలో గిరాకీదారుని చేతికి వచ్చునప్పటికి కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ అయోడిను ఉండవలెను.

చట్టము అంగడివరకే వచ్చును. వంటింటి సంగతి మనమే చూచుకొనవలెను. పశువులకును, తోళ్ల పదునుకును తెచ్చిన చవుక ఉప్పులో అయోడిను ఉండదు. దానిని కూరలో వేయరాదు. మన ఇండ్లలో కల్లుప్పు మురికిగానున్నదని నీట కడిగి ఎండబోయు అలవాటు కలదు. అయోడిను రవ్వల పైపైననే అంటియుండును. కడిగిన నీటితో అదియు పోవును. పొయ్యి ప్రక్కన మూతలేని జాడీలో ఉప్పు పోసి యుంచుటయు మంచిది కాదు. ఎండ, ఆవిరి, తేమ అయోడినుకు శత్రువులు. మూతగల సీసాలో పొడిచోట ఉంచి, తడిచేయి పెట్టక, వంట దింపబోవునప్పుడు ఉప్పు వేసినచో నష్టము తక్కువ. అయోడిను ఉప్పు వేసిన ఊరగాయ చెడునను భయము అక్కరలేదు. పచ్చడి చెడుట చాలవరకు తడివలన, నూనె చాలకపోవుటవలన కలుగునది. అయోడిను మంచిదని ఉప్పు ఎక్కువ తినవలసిన పని లేదు. సముద్రపు నాచు మాత్రలు, అయోడిను చుక్కలు వైద్యుని మాట లేక వాడుట ప్రమాదకరము. ఎక్కువైనను థైరాయిడు గతి తప్పును.

ఇనుము సంగతి వేరు. అది ముఖ్యముగా భోజనమునుండి రావలెను. మన సీమ పంటలలో సజ్జలు, ఉలవలు, ఆకుకూరలు ఇనుము గలవి. రాగులలో ఇనుముకంటె సున్నము అధికము, నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. అయితే గింజలలోని ఇనుము ఒంటికి కొద్దిగానే పట్టును. భోజనములో నిమ్మరసమో, ఉసిరికాయయో ఉన్నచో ఎక్కువ పట్టును. అన్నము తినగానే టీ త్రాగినచో తగ్గును. ఈ ఒక్క అలవాటును గంటసేపు వెనుకకు జరుపుట కష్టము కాదు.

గర్భిణికి మాత్రము భోజనమొక్కటే చాలదు. ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన ఎర్ర మాత్రను నాలుగవ నెల మొదలు దినమునకొకటి చొప్పున 180 దినములు వాడవలెను. బడిలో చదువు కౌమారవయసు బాలబాలికలకు వారమునకొకటి నీలిమాత్ర. మాత్ర వేసికొన్నప్పుడు మలము నల్లబడును, భయపడి మానవద్దు. మాత్రవలన బిడ్డ నల్లగా పుట్టుననుట వట్టి మాట. కాని ఈ మాత్రల అట్టను చిన్నపిల్లలకు అందనీయరాదు. మిఠాయి అనుకొని ఒక్కసారి చాల మ్రింగిన పసివాని ప్రాణమునకే అపాయము. ఇనుము, అయోడిను రెండును కలిపిన ఉప్పును కూడ జాతీయ పోషకాహార సంస్థవారు రూపొందించిరి. అందు గ్రాముకు దాదాపు ఒక మిల్లీగ్రాము ఇనుము ఉండును. గులాబి ఉప్పుతో పోల్చినచో సుమారు ఇరువదిరెట్లు.

జింకు విషయము ఒక్కమాట. పిల్లలకు విరేచనములైనప్పుడు ఓ.ఆర్.ఎస్. నీటితోపాటు 14 దినములు జింకు మాత్ర ఇవ్వవలెను: ఆరు నెలలు దాటినవారికి దినమునకు 20 మిల్లీగ్రాములు, రెండు మొదలు ఆరు నెలలవారికి 10. విరేచనములు కట్టినను మాత్రలు ముగియువరకు ఇవ్వవలెను.

ఇంతవరకు చాలకపోవు ఖనిజముల మాట చెప్పితిమి. మెట్టసీమలో ఎక్కువై బాధించునది ఒకటి కలదు, అది ఫ్లోరైడు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో బావినీటి ఫ్లోరైడువలన నడుములు బిగిసి వంగిపోయిన రైతులనుగూర్చి షార్టు, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు మొదట ప్రకటించిరి. 1973లో నల్గొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిన యువకులనుగూర్చి జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి వ్రాసిరి. మన కడప, అనంతపురము జిల్లాలలోను కొన్ని గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు హద్దు మీరియున్నది. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మేలు. వేరు నీరు లేనిచోట ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చును. అట్టి ఊళ్లలో నల్ల ఉప్పును, దానిని కలిపిన చూర్ణములను మానుట మంచిది. అందు ఫ్లోరైడు ఎక్కువ. పాలు, రాగులు వంటి సున్నముగల ఆహారము కొంత రక్షణ నిచ్చును.

గండికోట జలాశయము దాదాపు 27 టి.ఎం.సి.ల నీటిని పట్టునట్లు కట్టబడినది. ముంపునకు గురియైన కొండాపురము మండలపు కుటుంబములు అనేకము క్రొత్త కాలనీలకు తరలినవి. క్రొత్త ఊరిలో క్రొత్తగా బోరు వేసినప్పుడు నీరు తియ్యగా ఉన్నదని చాలించుకొనవద్దు. ఫ్లోరైడునకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. కాచిన పోదు సరిగదా, నీరు ఇగిరినకొలది చిక్కనగును. లీటరు పట్టు ప్లాస్టిక్ సీసాను ఆ బోరునీటితోనే రెండుమూడు మారులు కడిగి, కొంతసేపు పంపు నడిపిన పిమ్మట నిండుగా పట్టి, బిరడా బిగించి, ఊరి పేరు, బోరు గుర్తు, తేదీ వ్రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాకేంద్రమునకు పంపవలెను. ఒక బోరునీరు హద్దు మీరినచో, ప్రక్క వీధి బోరునీటిని కూడ వేరుగా పరీక్షింపించవలెను. పొరుగు బోరులే అయినను లోతును బట్టి, రాతిని బట్టి అంకెలు మారుచుండును.