పాలు అంటే ఏ పాలు?

ఈ మాట చదవండి: పాలు.

దీని అర్థం ఏమి? "ఇదేం ప్రశ్న? ఆవు ఇచ్చేవి పాలు" అంటారు మీరు. నిజమే. కానీ ఆస్తి పంచుకునేటప్పుడు "నా పాలు నాకియ్యండి" అని కూడా అంటాం. అక్కడ పాలు అంటే వాటా. అక్షరాలు అవే, అర్థం వేరు.

ఈ చిక్కు పాతదే. సంస్కృతంలో సైంధవం అంటే ఉప్పు. గుర్రం అని కూడా అర్థం. అన్నం తింటూ సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి. ప్రయాణమవుతూ తెమ్మంటే గుర్రం తేవాలి. సందర్భం చూసి మనం తెలుసుకుంటాం.

మరి కంప్యూటర్ ఎట్లా తెలుసుకుంటుంది? మన చేతిలోని సెల్‌ఫోన్ కూడా చిన్న కంప్యూటరే. అది ఆవును చూడలేదు, పొలం చూడలేదు. అది పక్క మాటలను చూస్తుంది. పక్కన లీటరు, పెరుగు, పితకడం ఉంటే తాగే పాలు. పక్కన ఆస్తి, పొలం, అన్నదమ్ములు ఉంటే వాటా. ముందే దానికి లెక్కలేనన్ని వాక్యాలు ఇచ్చి ఉంటారు. ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వస్తుందో అది లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్కతోనే అర్థాన్ని ఊహిస్తుంది. ఊహ తప్పు కావచ్చు.

గూగుల్ అనువాదంలో 2011లో తెలుగు చేరింది. ఐరాలలో ఒక అక్క "నా పాలు నాకు రాలేదు" అని అర్జీ రాసి, ఫోన్‌లో ఇంగ్లీషులోకి మార్చింది అనుకోండి. పక్కన ఆధారం లేదు. ఫోన్ తాగే పాలు అనుకోవచ్చు. ఆఫీసులో అది పాలకేంద్రం గొడవ అనుకుంటారు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉందని 2005 చట్టం చెప్పింది. అంత పెద్ద హక్కు ఒక్క మాట దగ్గర దారి తప్పుతుంది.

అదే "మా నాయన పొలంలో నా వాటా నాకు రాలేదు" అని రాస్తే? ఫోన్‌కూ తెలుస్తుంది, ఆఫీసరుకూ తెలుస్తుంది.

కాబట్టి నిండు వాక్యం రాయండి. తెలుగు మన రాష్ట్ర అధికార భాష. అర్జీ తెలుగులోనే ఇవ్వండి. ఫోన్ మార్చిన కాగితం అయితే, తెలిసినవారితో చదివించుకోండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.

ఆలోచించి రాయండి
1. చేతి వేళ్లు, చెట్టు వేళ్లు. తేడా ఏ మాట చెప్పింది?
2. నూరు రూపాయలు ఇవ్వు. పచ్చడి నూరు. "నూరు" అర్థాలు రాయండి.
3. రెండు అర్థాలున్న ఇంకొక మాట చెప్పండి. రెండు వాక్యాలు రాయండి.