ఫ్రీడా కాలో చిత్రాలను చూడవలసిన తీరు: చిత్రకళ నేర్చుకుంటున్న యువతికి లేఖ



చిత్రకళ అభ్యసించే యువతరం మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో (1907–1954) వైపు ఆకర్షితం కావడం సహజమే అయినా, ఆ ఆకర్షణ చాలామందిలో ఆమె బొమ్మల దాకా వెళ్లక ఆమె కష్టాల దగ్గరే ఆగిపోతున్నది. బాల్యంలో పోలియో, పద్దెనిమిదో ఏట బస్సు ప్రమాదం, ప్రఖ్యాత కుడ్యచిత్రకారుడు దియేగో రివేరాతో పెళ్లి, విడాకులు, మళ్లీ అతనితోనే పెళ్లి: ఈ కథ ఇప్పుడు చేతిసంచుల మీదా టీకప్పుల మీదా అమ్ముడవుతున్నది. గొప్ప బాధ పడినవారే గొప్ప చిత్రాలు వేయగలరనే భ్రమ అక్కడే పుడుతుంది. తన జీవితంలో అంతటి విషాదం లేదు కనుక వేయడానికేమీ లేదని ఈ లేఖ అందుకుంటున్న చిరంజీవి దిగులుపడడానికి మూలం కూడా అదే.

ఫ్రీడా చేతికి పనితనం ప్రమాదానికి ముందే అలవడింది. ఆమె తండ్రి గియెర్మో కాలో జర్మనీ నుంచి మెక్సికోకు వలస వచ్చిన ఫొటోగ్రాఫర్. ఆయన స్టూడియోలో ఫొటోలను సన్నని కుంచెతో సరిదిద్దే పనిలో ఆమె సాయపడేది. తర్వాతి కాలంలో ఆమె చిత్రాల్లో కనుబొమల వెంట్రుకలు, ఆకుల ఈనెలు ఒక్కొక్కటిగా లెక్కకు దొరికేటంత స్పష్టంగా కనిపించడానికి ఆ అభ్యాసం తోడ్పడి ఉంటుందనుకోవడంలో అతిశయోక్తి లేదు. 1922లో నేషనల్ ప్రిపరేటరీ స్కూల్లో చేరినప్పుడు ఆమె లక్ష్యం వైద్యవిద్య కాబట్టి, శరీర నిర్మాణం మీద ఆసక్తి కూడా గాయపడిన తర్వాత కొత్తగా వచ్చినది కాదు. 1925 సెప్టెంబరు 17న ఆమె ఎక్కిన బస్సును ట్రామ్ ఢీకొట్టి, వెన్నెముక, కటి ఎముకలు విరిగి మంచం పట్టినప్పుడు, పడుకునే బొమ్మలు వేయడానికి వీలుగా ప్రత్యేకమైన ఈజిల్ (చిత్రఫలకాన్ని నిలిపే చట్రం), తలపైన పందిరికి అద్దం అమరాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. జీవితాన్నే మార్చివేసిన ఆ ప్రమాదాన్ని ఆమె తైలవర్ణాల్లో ఎన్నడూ పెద్ద చిత్రంగా వేయలేదు. 1926లో పెన్సిలుతో గీసిన ఒక చిన్న రేఖాచిత్రం ఉన్నది. 1929 నాటి ‘బస్సు’ అనే చిత్రంలో బల్ల మీద వరుసగా గృహిణి, నీలి దుస్తుల కార్మికుడు, పాదరక్షలు లేకుండా బిడ్డకు పాలిస్తున్న తల్లి, కిటికీలోంచి బయటికి చూస్తున్న పిల్లవాడు, డబ్బు సంచీ పట్టుకున్న ధనికుడు, ఒక యువతి కూర్చుని ఉంటారే తప్ప ప్రమాదపు జాడ లేదు. చాలా ఏళ్ల తర్వాత తన ప్రమాదాన్ని పోలిన ఒక పాత మొక్కుబడి చిత్రం దొరికినప్పుడు, దానిలోని యువతికి తన కలిసిన కనుబొమలను చేర్చి, కింది రాతను మార్చి ఊరుకున్నది. తన కథను తానే మొదటి నుంచి వేయవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు.

ఆ మొక్కుబడి చిత్రాలను మెక్సికోలో రెటాబ్లోలని కూడా అంటారు. గండం గడిచినవారు కృతజ్ఞతగా చర్చికి సమర్పించే ఈ చిన్న రేకు చిత్రాల్లో ఆపద దృశ్యం, పైన ఆదుకున్న దైవం లేదా పునీతులు, అడుగున జరిగినది వివరించే వాక్యాలు ఉంటాయి. వీటిని ఫ్రీడా వందలకొద్దీ సేకరించింది. 1932 జూలైలో డెట్రాయిట్‌లో గర్భస్రావమైన తర్వాత వేసిన ‘హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్’ ఆ పద్ధతి నుంచే వచ్చింది: సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, 38 సెంటీమీటర్ల వెడల్పు గల లోహపు రేకు మీద ఆరుబయట ఒక మంచం, నెత్తుటి పక్క మీద నగ్నంగా ఆమె, చేతిలోని ఎర్రని దారాలకు కట్టిన ఆరు వస్తువులు: పిండం, నత్త, కటి ఎముక, దేహభాగపు నమూనా, ఒక యంత్రం, ఆర్కిడ్ పువ్వు; దిగంతంలో ఫోర్డ్ కర్మాగారం. ఆస్పత్రి పేరు, నెల, సంవత్సరం మంచం పట్టె మీద ఉన్నాయి. పైన ఉండవలసిన దైవం మాత్రం లేదు, కృతజ్ఞత చెప్పే వాక్యమూ లేదు. భక్తులు వాడుకలో ఉంచిన రూపాన్ని తీసుకుని, దానిలో ఏది ఖాళీగా వదలాలో తేల్చుకోవడమే ఇక్కడి ప్రతిభ. ఏడుపు ఎంత పెద్దదైనా ఆ నిర్ణయాన్ని దానంతట అది చేసిపెట్టదు.

ఫ్రెంచి రచయిత ఆంద్రే బ్రెతాన్ ఆమెను సర్రియలిస్టుగా, అంటే స్వప్నాన్నీ అచేతనాన్నీ చిత్రించేవారిలో ఒకరిగా, లెక్కించినా ఆమె ఆ ముద్రను ఒప్పుకోలేదు. ఆ వాదం పండితులకు అవసరం కావచ్చు గాని విద్యార్థికి అంతగా పనికిరాదు.

1943 నుంచి ‘లా ఎస్మెరాల్దా’ చిత్రకళా పాఠశాలలో బోధించినప్పుడు ఆమె శిష్యులను వీధుల్లోకి, బజార్లలోకి పంపి కంటికి కనిపించినది వేయించింది; ఆరోగ్యం సహకరించనప్పుడు వారే కొయొవకాన్‌లోని ఆమె ఇంటికి వచ్చేవారు. అదే ఏడాది పుల్కే అనే కిత్తనార జాతి మొక్క కల్లు అమ్మే ‘లా రోసీతా’ దుకాణం గోడలకు వారు ఆమె పర్యవేక్షణలో బొమ్మలు వేశారు. చిరంజీవి కూడా అద్దం ముందు కూర్చునే ముందు కొన్ని నెలలు తాను ఎక్కే బస్సులోని ప్రయాణికులను గీయడం, తర్వాత ‘బస్సు’, ‘హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్’, 1939 నాటి నిలువెత్తు ‘ఇద్దరు ఫ్రీడాలు’ చిత్రాల ప్రతులను కొలతలు తెలిసేటట్లు పక్కపక్కన పెట్టుకుని చూడడం మేలు. జీవితచరిత్ర పుస్తకం అప్పటిదాకా అలమారలోనే ఉండవచ్చు.