డాలస్‌లో మావాడికి ఏ సాకర్ జట్టు?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఈమధ్యే డాలస్ వచ్చాం. మా అబ్బాయికి పదకొండేళ్లు. పోటీ స్థాయి సాకర్ జట్టును ఎలా ఎంచుకోవాలి?

జవాబు: క్లబ్బు పేరు కన్నా, మీవాడిని తీర్చిదిద్దే కోచ్ ఎవరో చూడండి. పేరుమోసిన క్లబ్బులో మూడో జట్టు కన్నా చిన్న క్లబ్బులో మొదటి జట్టే చాలాసార్లు మేలు. ఈ వయసులో మైదానంలో ఉండేది జట్టుకు తొమ్మిదిమందే. జట్టులో పద్దెనిమిది మందిని చేర్చుకుంటే మీవాడికి దక్కేది సగం ఆటే. ట్రయౌట్లు (జట్టు ఎంపికలు) అయిపోయాయా? కోచ్‌ను అడిగి ఒకరోజు ప్రాక్టీసుకు పంపండి. సీజన్ మధ్యలోనూ ఖాళీలు వస్తాయి. ఫీజు కాక యూనిఫాం, టోర్నమెంట్లు, హోటళ్ల ఖర్చు (అసలు బరువు అక్కడే) ముందే తేల్చుకోండి. పదేళ్లు నిండాక విదేశం నుంచి వచ్చిన పిల్లలను జట్టులో నమోదు చేయాలంటే ఫిఫా నిబంధనల ప్రకారం అంతర్జాతీయ క్లియరెన్స్ అవసరం. ఆ కాగితాల పని ఈ వారమే మొదలుపెట్టండి.