పోటీ పరీక్షల ప్రత్యేకం: బడిపంతులు, మహాకవి జాషువా

నాగోల్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే మిత్రులు గుర్రం జాషువాను బిరుదుల పట్టికగా బట్టీపట్టి వదిలేయకూడదు. 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టిన ఆయన పొట్టకూటికి బడిపంతులయ్యారు. కొన్నాళ్లు మూకీ సినిమాలకు కథ చెప్పారు. తర్వాత గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేశారు.

ఆయన కావ్యం 'గబ్బిలం' (1941) దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురంపితే, జాషువా కథానాయకుడైన పేద దళితుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపుతాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషికి, గుడిలో వేలాడే గబ్బిలమే దిక్కయింది. తెలుగులో ఇంతకు మించిన సందేశకావ్యం లేదని నా అభిప్రాయం.

'ఫిరదౌసి' మాట తప్పిన గజనీ మహమూద్ చేతిలో మోసపోయిన పారశీక కవి కథ. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది శాసనమండలి సభ్యుడయ్యారు. 1970లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆత్మకథ 'నా కథ'. సంఘసేవకురాలు హేమలతా లవణం ఆయన కుమార్తె. 1971 జూలై 24న కన్నుమూశారు.

పరీక్ష అయ్యాకైనా 'గబ్బిలం' పూర్తిగా చదవండి.