నకలు తీయుటయు, దానిని పరీక్షించుటయు



కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక పాఠశాలయందు బోధించుచుండగా, ఒక తరగతివారి అర్ధసంవత్సర పరీక్షల మార్కులన్నియు నొకే కంప్యూటరునం దుండెను. ఒకనాటి యుదయమున నది పని చేయక పోయెను. మేము పిల్లల యిండ్లకు బోయి, జవాబుపత్రములను దెచ్చి, మార్కులను మరల వ్రాసికొంటిమి. కొందఱి పత్రములు దొరకనే లేదు. నాడు నేర్చిన పాఠమునే యిచ్చట వివరింతుము.

పలువురకు ఫైళ్లను అందజేయు కంప్యూటరును సర్వరందురు. పేర్లు, మార్కులు, జీతములు మొదలగు వివరములను పట్టికలుగా నమర్చి యుంచునది డేటాబేసు. ఈ రెంటికిని ప్రతిదినము నకలు తీయవలయును. మనుష్యుడు మఱచిపోవును. కావున చేయవలసిన పనులను వరుసగా నొక ఫైలులో వ్రాసి కంప్యూటరున కప్పగింతుము. ఇదియే స్క్రిప్టు. లైనక్సు సర్వరులందు ‘క్రాన్’ అను సాధనము దీనిని మనము నిర్ణయించిన వేళకు, రాత్రి 2 గంటలకైనను, తానే నడపును.

స్క్రిప్టులోని పనుల క్రమ మిట్టిది:

1. నకలునకు ఆనాటి తేదీతో పేరు పెట్టుట.

2. డేటాబేసు వివరములను వెలికి దీయుట. నడుచుచున్న డేటాబేసు ఫైళ్లను ఊరక నకలు చేసినచో, సగము వ్రాయబడిన లెక్కయు నందు చేరవచ్చును. అందుచే మైస్క్యూల్ అను డేటాబేసునకు ‘మైస్క్యూల్‌డంప్’ అను సాధనమును వాడుదురు.

3. తక్కిన ఫైళ్లను ‘టార్’ అను సాధనముతో నొక మూటగా గట్టి, పరిమాణము తగ్గించుట.

4. ఆ మూటను వేఱొక చోటనున్న కంప్యూటరునకు బంపుట. రెండును ఒకే గదిలో నున్నచో, ఒక్క అగ్నిప్రమాదమున రెండును నశించును.

5. క్రొత్త నకలు సరిగా చేరిన పిమ్మటనే, 7 దినములకు మించిన పాతవానిని తొలగించుట.

ఏ మెట్టునందు పొరపాటు గలిగినను స్క్రిప్టు అచ్చటనే యాగి, మనకు దెలుపవలయును. ఇది చిన్న విషయము కాదు. 2017 జనవరి 31 వ తేదీన గిట్‌ల్యాబ్ అను సంస్థలో నొక యుద్యోగి, ఒక సర్వరని భ్రమించి, మఱియొక సర్వరులోని డేటాబేసును చెఱిపెను. సుమారు 300 గిగాబైట్ల వివరములు పోయెను. నకలు తీయు సాధనము డేటాబేసునకు సరిపడని పాతరకము గనుక పని చేయకుండెను. ఆ వైఫల్యమును దెలుపు ఈ-మెయిళ్లు ఎవరికిని చేరకుండెను. అదృష్టవశమున సుమారు 6 గంటల ముందు వేఱొక పనికై తీసిన ప్రతి యొకటి యుండుటచే, నష్టము ఆ 6 గంటలకే పరిమితమయ్యెను.

మన టేకుమట్ల రైతులను చూడుడు. బస్తాలో విత్తనము లున్నవని తృప్తిపడి వారు పొలమున జల్లరు. గుప్పెడు గింజలను తడిబట్టలో చుట్టి, మొలక వచ్చునో రాదో చూచుకొందురు. నకలును అట్టిదే. నెలకొకసారియైనను దానిని వేఱొక కంప్యూటరున తెఱచి, విద్యార్థుల సంఖ్యను హాజరుపట్టీతో సరిచూడవలయును. తెఱచి చూడని నకలు మొలక చూడని విత్తనము వంటిది.

విద్యార్థులారా, మీరు వ్రాసిన వ్యాసమునకు నేడే యొక నకలు తీసి, వేఱొక కంప్యూటరున తెఱచి చదువుడు. ఇంత చిన్న యలవాటే రేపు మీ చేతికి వచ్చు పెద్ద లెక్కలను కాపాడును.