పాఠశాల వంటశాలలో గ్యాసు బండ: పంచాయతీ చూడవలసినది

పూర్వము పాఠశాలలలో మధ్యాహ్న భోజనమును కట్టెల పొయ్యి మీదనే వండెడివారు. ఇప్పుడు అనేక గ్రామములకు వంటగ్యాసు వచ్చినది. వంట చేయు స్త్రీలకు పొగ బాధ తప్పినది. ఇది గొప్ప మేలు. కాని కట్టెలు పెట్టినచోటనే పడియుండును, గ్యాసు అట్లుండదు. అది బయటపడినచో ఎటు పోవునో తెలిసినగాని బండ నెచ్చట నుంచవలెనో తెలియదు.

ఈ గ్యాసు ముఖ్యముగా ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే ద్రవమై బండలో ఇమిడియుండును. ఒక పాలు ద్రవము బయటికి వచ్చి ఇంచుమించు 250 పాళ్ల వాయువగును. ఆ వాయువు గాలికంటె బరువైనది. కావున పొగవలె పైకి పోక, నీటివలె పల్లమునకు ప్రాకి తూములలో, గుంటలలో నిలుచును. గాలిలో నూటికి ఇంచుమించు 2 పాళ్లు కలిసినను నిప్పంటుకొనుటకు చాలును. దానికి సహజముగా వాసన లేదు. కారుట మనకు తెలియుటకై దుర్గంధద్రవ్యమును కలుపుదురు.

1997 సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్నము చమురుశుద్ధి కర్మాగారములో బయటపడిన ఇట్టి గ్యాసే నిప్పు తగిలి ప్రేలగా 50 మందికి పైగా మరణించిరి. అక్కడి నిలువ చాల పెద్దది, మన బండ చిన్నది. వాయువు స్వభావము మాత్రమొక్కటే.

మేము చూచిన ఒక పాఠశాలలో నిండు బండలను బియ్యపు గదిలో పెట్టి తాళము వేసియుండిరి. దొంగల భయమట! ఆ గదికి గల ఒక్క కిటికీ ఐదడుగుల ఎత్తున నున్నది. తలుపు ప్రక్కనే దీపపు స్విచ్చి. రాత్రి బండ కారినచో, తెల్లవారి తలుపు తీసి స్విచ్చి నొక్కు వంటమనిషి గతి యేమి? దొంగల భయము నిజమే. దానికి ఉపాయము ఇనుపజాలి గది. వంటశాల వెలుపల, మురుగు తూమునకు దూరముగా, ఎండ తగులకుండ పైకప్పు వేసి, చుట్టును జాలి పెట్టించినచో తాళమును ఉండును, గాలియు ఆడును. అచ్చటినుండి పొయ్యికి గొట్టమును గ్యాసు సంస్థవారిచేతనే వేయించవలెను. వంటశాల గోడకు నేలమట్టమున గాలిరంధ్రములు తీయించవలెను.

లైసెన్సు లేకుండ మొత్తము 100 కిలోలకు మించి నిలువ చేయరాదని 2016 నాటి నియమములు చెప్పుచున్నవి. 19 కిలోల బండలైనచో ఐదు. ఖాళీ బండయు నిలువుగా, మూతతోనే యుండవలెను. బండ పైభాగమున ఏ, బి, సి, డి అక్షరములలో నొకటియు, సంవత్సరమును వ్రాసియుండును. అది పరీక్ష గడువు: ‘డి-28’ యన్నచో 2028 డిసెంబరు. గడువు దాటిన బండను దింపుకొనరాదు. రబ్బరు గొట్టమును ఐదేండ్లకు, పగిలినచో నాడే, మార్చవలెను. కారుటను సబ్బునురుగుతో చూడవలెనేగాని అగ్గిపుల్లతో గాదు.

వాసన వచ్చినచో స్విచ్చి వేయరాదు, ఆర్పరాదు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, పిల్లలను దూరము పంపి, వెలుపలికి వచ్చి 1906కు ఫోను చేయవలెను. ఆ సంఖ్యను వంటశాల బయటి గోడపై రంగుతో వ్రాయించవలెను. ఫోను లేని వంటమనిషి ఎవరిని పిలువవలెనో కూడ ముందే నిర్ణయించవలెను.