మదర్‌బోర్డు చిప్‌సెట్లు: ఒక తులనాత్మక పరిశీలన

పేరును బట్టి వస్తువు విలువను నిర్ణయించడం లోకసహజం. పేరు పక్కన సంఖ్య కూడ ఉంటే, పెద్ద సంఖ్య గలదే మేలైనదని నమ్మడం మరీ సహజం. విడిభాగాలతో కంప్యూటరును స్వయంగా కూర్చుకొనదలచిన విద్యార్థికి అంగడిలో ఎదురయ్యేవి ఇటువంటి పేర్లే: బి650, ఎక్స్670, బి840, ఎక్స్870, జడ్890. ఇవి మదర్‌బోర్డు మీది చిప్‌సెట్ల పేర్లు. వీటి అర్థం తెలియక ఎక్కువ వెల పెట్టినవాడు, ర్యాముకో గ్రాఫిక్స్ కార్డుకో వెచ్చించవలసిన ధనాన్ని ఏనాడూ వాడని సౌకర్యాలకు ధారపోస్తాడు. వెల తక్కువని ఆశపడినవాడు కొద్ది కాలానికే మరో బోర్డు కొనవలసివస్తుంది. రెండు విధాలా నష్టపడేది తల్లిదండ్రుల కష్టార్జితమే. కనుక ఈ పేర్ల వెనుకనున్న వాస్తవాన్ని విచారించడం అవసరం.

చిప్‌సెట్ అనగా నేమి?

మదర్‌బోర్డును తెలుగులో మాతృఫలకం అనవచ్చును. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డి మొదలైనవన్నీ దానినే ఆశ్రయించి ఉంటాయి. వీటి మధ్య రాకపోకలను నడిపే చిప్పుల సముదాయమే చిప్‌సెట్. పూర్వం ఇందులో ముఖ్యమైన చిప్పులు రెండు. ర్యామును, గ్రాఫిక్స్‌ను ప్రాసెసర్‌తో కలిపేది నార్త్‌బ్రిడ్జి. డిస్కులు, యూఎస్‌బీ వంటి నెమ్మది పరికరాలను చూసేది సౌత్‌బ్రిడ్జి. ఆనాడు చిప్‌సెట్ మారితే కంప్యూటరు వేగమే మారేది.

2003లో ఎ.ఎం.డి. వారి అథ్లాన్ 64 ర్యాము నియంత్రణను ప్రాసెసర్‌లోనే ఇముడ్చుకొన్నది. ఇంటెల్ 2008లో ఆ మార్గమే పట్టి, 2009లో గ్రాఫిక్స్ దారులను కూడ ప్రాసెసర్‌లోకి తెచ్చింది. నార్త్‌బ్రిడ్జి క్రమంగా అంతరించింది. నేటి చిప్‌సెట్ నిజానికి ఆనాటి సౌత్‌బ్రిడ్జికి వారసత్వం. అందుచేత ఒకే ప్రాసెసర్‌ను, ఒకే ర్యామును చవక బోర్డు మీదనూ ఖరీదైన బోర్డు మీదనూ పెట్టి చూసినా, సాధారణమైన వాడుకలో వేగం దాదాపు ఒక్కటే. ఈ సత్యాన్ని గ్రహిస్తే సగం భ్రమ తొలగుతుంది.

అట్లని చిప్‌సెట్‌ను అల్పంగా చూడరాదు. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6వ వరుస చిప్‌సెట్లలో లోపమున్నదని ప్రకటించింది. ప్రాసెసర్లు నిర్దోషమైనవే, కాని డిస్కులను కలిపే సాటా పోర్టులు కొన్ని కాలక్రమాన క్షీణించే ప్రమాదమేర్పడింది. మరమ్మతుకు, మార్పిడికి సుమారు 70 కోట్ల డాలర్లు కాగలవని ఆ సంస్థయే అంచనా వేసింది.

ఎ.ఎం.డి. చిప్‌సెట్లు

2022లో వచ్చిన ఎ.ఎం.5 సాకెట్టును ఉదాహరణగా గ్రహిద్దాం. దానికి తగిన రైజెన్ 7000, 9000 వరుసల ప్రాసెసర్ల నుండి పరికరాలకు లభించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులు, అనగా లేన్లు, 24. వీటిలో 16 గ్రాఫిక్స్ కార్డుకు, 4 మొదటి ఎస్‌ఎస్‌డికి, మిగిలిన 4 మరొక పరికరానికి. ఇవిగాక వేరొక 4 దారులు ప్రాసెసర్‌ను చిప్‌సెట్‌తో కలిపే వంతెన. ఈ వంతెన 4వ తరానికి చెందినది. ఒక్కొక్క దిశలో సెకనుకు సుమారు 8 గిగాబైట్లను దాటించగలదు.

బి650లో ఒక చిప్పు ఉంటుంది. ఎక్స్670లో అదే చిప్పు రెండు, ఒకదాని వెనుక ఒకటిగా ఉంటాయి. బి650 చిప్‌సెట్ నుండి 4వ తరం దారులు 8, 3వ తరం దారులు 4 లభిస్తే, ఎక్స్670 నుండి వరుసగా 12, 8 లభిస్తాయి. ఎక్కువ ఎస్‌ఎస్‌డిలకు, యూఎస్‌బీ పోర్టులకు అవకాశం పెరుగుతుంది. కాని ప్రాసెసర్‌కు చేరే వంతెన రెండింటికీ ఒక్కటే. చౌరస్తాలో అంగళ్లు పెరిగినంత మాత్రాన ఊరిలోకి వచ్చే బాట వెడల్పు కాదు గదా! చిప్‌సెట్ వైపు పెట్టిన రెండు వేగవంతమైన ఎస్‌ఎస్‌డిలు ఏకకాలంలో పనిచేస్తే ఆ 8 గిగాబైట్లనే పంచుకొనవలెను.

2024లో ఎక్స్870, ఎక్స్870ఇ, 2025లో బి850, బి840 వెలువడినవి. సంఖ్య మనలను మోసగించేది ఇక్కడనే. ఎక్స్870లో ఉన్నది ఒకే చిప్పు. సంఖ్యలో చిన్నదైన ఎక్స్670లో రెండు. ఎక్స్870 ప్రత్యేకత ఏమనగా, యూఎస్‌బీ4 సౌకర్యం, గ్రాఫిక్స్‌కు 5వ తరం దారులు తప్పనిసరి కావడం. అయితే యూఎస్‌బీ4కు కూడ దారులు కావలెను. కొన్ని బోర్డులలో రెండవ ఎస్‌ఎస్‌డి స్థానం దానితో దారులను పంచుకొంటుంది. బి840 సంఖ్యలో బి650ని మించినా శక్తిలో దానికి తీసికట్టు. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. 5వ తరం దారులు లేవు. చిప్‌సెట్ ఇచ్చే దారులు 3వ తరానివి. బి650కి నిజమైన వారసుడు బి850. చివరనున్న "ఇ" అనే అక్షరానికి సైతం అర్థం స్థిరం కాదు. బి650ఇలో అది గ్రాఫిక్స్‌కు 5వ తరం దారులను సూచిస్తే, ఎక్స్870ఇలో రెండు చిప్పులను సూచిస్తుంది.

ఇంటెల్ చిప్‌సెట్లు

2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200 వరుసతో పాటు జడ్890, మరుసటి సంవత్సరం బి860, హెచ్810 వచ్చినవి. ఇక్కడ అక్షరం కొంత నిజాయితీగా మాట్లాడుతుంది. జడ్890లో ప్రాసెసర్ వేగాన్ని, ర్యాము వేగాన్ని పెంచుకొనవచ్చును. వంతెనకు 8 దారులు. బి860లో ర్యాము వేగం మాత్రమే పెంచవచ్చును; వంతెనకు 4 దారులు. హెచ్810లో రెండు అవకాశాలూ లేవు. అనగా ఇంటెల్ పెద్ద చిప్‌సెట్‌లో వంతెనయే వెడల్పైనది, ఎ.ఎం.డి. పెద్ద చిప్‌సెట్‌లో పోర్టులు పెరిగినవే గాని వంతెన పెరగలేదు.

సాకెట్టు ఆయుష్షును కూడ లెక్కించవలెను. 2017 నాటి ఎ.ఎం.4 సాకెట్టు 300 వరుస బోర్డులపై రైజెన్ 5000 ప్రాసెసర్లకు 2022లో అనుమతి లభించింది. ఇంటెల్ 2021లో తెచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్టు 12, 13, 14 తరాలను మోసి, 2024లో కొత్త సాకెట్టుకు చోటిచ్చింది.

ఎంపికకు సూత్రాలు

1. ముందు ప్రాసెసర్‌ను, పిదప బోర్డును నిర్ణయించవలెను. రైజెన్ 7 8700జి వంటి ప్రాసెసర్ గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చేవి 8 దారులే. దానికి ఖరీదైన బోర్డు కొన్నా అవి 16 కావు.

2. ఎన్ని ఎస్‌ఎస్‌డిలు, ఏయే కార్డులు పెట్టదలచినదీ కాగితంపై వ్రాసుకొనవలెను. ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్‌ఎస్‌డిలు చాలునన్నవారికి బి650, బి850 సరిపోతాయి. పెక్కు ఎస్‌ఎస్‌డిలతో వీడియో కూర్పు చేసేవారికి ఎక్స్870ఇ, జడ్890 సార్థకం.

3. ప్రాసెసర్‌కు విద్యుత్తును సరఫరా చేసే వీఆర్‌ఎం భాగం చిప్‌సెట్‌లో ఉండదు. దానిని బోర్డు తయారీదారు అమరుస్తాడు. ఒకే చిప్‌సెట్ గల రెండు బోర్డుల మధ్య ఈ విషయంలో ఎంతో అంతరముంటుంది. ఎక్కువ విద్యుత్తు గ్రహించే ప్రాసెసర్‌కు ఇది ప్రాణప్రదం.

4. పాత నిల్వలోని బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చును. 2022 నాటి బయాస్ గల బి650 బోర్డు 2024లో వచ్చిన రైజెన్ 9000ను గుర్తించాలంటే బయాస్‌ను నవీకరించవలెను. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో నవీకరించే సౌకర్యమున్న బోర్డును ఎన్నుకొనడం క్షేమం.

ప్రయోగశాలలకు కంప్యూటర్లు కొనే కళాశాల సంఘాలకు కూడ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. టైపింగు, ప్రోగ్రామింగు అభ్యాసానికి ఎ620, హెచ్810 వంటి సామాన్య చిప్‌సెట్లే చాలును. మిగిలిన ధనంతో ప్రతి యంత్రానికీ ర్యాము పెంచితే అభ్యాసానికి ఎక్కువ మేలు జరుగుతుంది.

పదానికి అర్థం తెలియక ప్రయోగించడం భాషలో దోషం. కొనుగోలులో అది నష్టం. సంఖ్యను చూసి భ్రమపడక, ఎన్ని దారులు, ఎంత వంతెన, ఎన్నాళ్ల సాకెట్టు అని ప్రశ్నించిన విద్యార్థికి, ఉన్న కొద్దిపాటి ధనంతోనే మంచి కంప్యూటరు సమకూరుతుంది.